బరువు మోసే లేత మోకాళ్ళు

బొద్దుగా ఉన్న పిల్లవాడి గురించి మన ఇళ్ళలో పెద్దలు చెప్పుకునే మాటల్లో మొదటిది 'బద్ధకం'. ఆటకు పొమ్మంటే అరుగు దిగడని, అంగడికి పంపితే సగం దారిలో కూర్చుండిపోతాడని, మేడ మెట్లు ఎక్కమంటే సాకులు చెబుతాడని తల్లి వాపోతుంది. తండ్రి గద్దిస్తాడు. దాదీ మాత్రం ఎదిగే పిల్లవాడు, ఒళ్ళు అదే తగ్గుతుందిలే అని వెనకేసుకొస్తుంది. ఈ ముగ్గురూ అడగని ప్రశ్న ఒకటున్నది. నడిచేటప్పుడు వాడికి ఎక్కడైనా నొప్పి పెడుతున్నదా? ఈ నెల మేము తల్లిదండ్రుల ముందు ఉంచదలచినది ఈ ప్రశ్ననే.

బరువెక్కిన పిల్లలలో చాలామంది కదలకపోవడానికి కారణం మనసులో లేదు, మోకాలిలో, చీలమండలో, తుంటిలో ఉన్నది. కదిలితే నొప్పి, నొప్పి వల్ల కదలకపోవడం, కదలకపోవడం వల్ల మరింత బరువు, ఆ బరువు వల్ల మరింత నొప్పి. ఈ గానుగ చుట్టు నుండి పిల్లవాణ్ణి బయటికి తేవాలంటే ముందు కీలు మీద భారం తగ్గించాలి, ఆ తరువాతే కదలిక పెంచాలి. గద్దించి పరుగెత్తిస్తే ఇది తలకిందులవుతుంది.

కరువు సీమలోనూ ఈ సమస్య ఉన్నది

కొత్తచెరువు పేరులోనే చెరువు ఉన్నది. కాని ఆ ఊరున్న పీఠభూమి దేశంలో వానలు అతి తక్కువగా కురిసే ప్రాంతాలలో ఒకటి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఈ మండలం కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గాని నేల మారలేదు, మబ్బు మారలేదు. వేరుసెనగ పైరు ఎండితే కుటుంబాలు వలసపోయే సీమ ఇది. ఇటువంటి చోట పిల్లల స్థూలకాయం గురించి మాట్లాడితే, అది పట్నం వాళ్ళ జబ్బు కదా అని విన్నవారు నవ్వవచ్చు.

లెక్కలు ఆ మాటను సమర్థించడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువు గలవారు 2015-16లో 2.1 శాతం ఉండగా 2019-21 నాటికి 3.4 శాతానికి పెరిగారు. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుండి 19 ఏళ్ళ పిల్లల్లో 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలింది. 2022లో ప్రపంచమంతటా 5 నుండి 19 ఏళ్ళ మధ్య వయసు వారిలో 39 కోట్ల మంది అధిక బరువుతోను, వారిలో 16 కోట్ల మంది స్థూలకాయంతోను ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. ప్రపంచంలో బడి ఈడు పిల్లలలో స్థూలకాయులు 9.4 శాతానికి చేరి, బరువు తక్కువైన వారి 9.2 శాతాన్ని దాటిపోయారని 2025 సెప్టెంబరులో యునిసెఫ్ తెలిపింది. చిక్కిపోయిన పిల్లలు, బొద్దు పిల్లలు ఇప్పుడు ఒకే వీధిలో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో ఉంటున్నారు.

కారణాలు మనకు తెలియనివి కావు. బడి బస్సు ఇంటి గుమ్మం ముందుకు వస్తున్నది. ఆడుకునే ఖాళీ జాగాల్లో ఇళ్ళు లేచాయి. ఎండ భయంతో పిల్లలు గదిలో ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు. అయిదు రూపాయలకు, పది రూపాయలకు దొరికే నూనె, ఉప్పు, చక్కెర పొట్లాలు ఏ మారుమూల అంగడిలోనైనా వేలాడుతున్నాయి. కరువు వీటిని ఆపలేదు.

పిల్లవాడు బొద్దుగా ఉన్నాడా లేక బరువు మితిమీరిందా అన్నది కంటితో తేల్చరాదు. ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటున్నది. అయిదేళ్ళు దాటిన పిల్లల నడుము చుట్టుకొలత వారి ఎత్తులో సగానికి లోపల ఉండాలి. ఎత్తు 140 సెంటీమీటర్లయితే నడుము 70కి మించరాదు. దర్జీ వాడే టేపు చాలు. మించినట్లు తోస్తే పిల్లల వైద్యుని వద్ద ఎత్తు, బరువు కొలిపించి, వయసుకు తగిన పట్టికతో పోల్చి చూపించుకోవాలి. వయసుకు తగిన ఎత్తు పెరగకుండా బరువు మాత్రమే పెరుగుతున్న పిల్లలకు థైరాయిడ్ వంటి గ్రంథుల పరీక్షలు అవసరం కావచ్చు.

మోకాలు ఎంత మోస్తుంది?

కొత్తచెరువు ఇళ్ళలో తాగునీళ్ళ క్యాను తెలియనివారు లేరు. అందులో పట్టేది 20 లీటర్లు, అంటే 20 కిలోల నీరు. పన్నెండేళ్ళ పిల్లవాడు 40 కిలోలు ఉండవలసిన చోట 60 కిలోలు ఉన్నాడనుకుందాం. వాడు నిండు క్యానును దించకుండా మోస్తూ బడికి పోతున్నాడు, మెట్లు ఎక్కుతున్నాడు, ఆటకు వెళుతున్నాడు. ఆ క్యానుతో మనం అర కిలోమీటరు నడిచి చూస్తే వాడు దారిలో ఎందుకు కూర్చున్నాడో తెలుస్తుంది.

మోకాలి మీద పడే భారం ఇంతకంటే ఎక్కువ. చదునైన నేలపై మామూలుగా నడిచేటప్పుడే మోకాలి కీలు శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారాన్ని భరిస్తుంది. మెట్లు ఎక్కి దిగేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. పరుగులో, దుముకులో మరీ ఎక్కువ. 20 కిలోల అదనపు బరువు ప్రతి అడుగులోనూ మోకాలికి 40 నుండి 60 కిలోల అదనపు భారమవుతుంది. కిలోమీటరు నడిస్తే ఒక్కొక్క మోకాలు ఈ భారాన్ని ఏడెనిమిది వందల సార్లు మోస్తుంది.

ఈ లెక్కకు మరో వైపు ఆశ కూడా ఉన్నది. మోకాళ్ళు అరిగిన, అధిక బరువు గల పెద్దవారిపై అమెరికాలో జరిపి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గినట్లు తేలింది. అది పెద్దల లెక్కే అయినా పిల్లల తల్లిదండ్రులకూ ధైర్యమిస్తుంది. ఎదిగే పిల్లలకు మరొక వెసులుబాటు ఉన్నది. చాలామంది విషయంలో బరువు తగ్గించనక్కరలేదు, పెరగకుండా నిలిపితే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ అదే బరువు ఒంటికి సరిపోతుంది. స్థూలకాయం తీవ్రంగా ఉన్నవారు మాత్రం వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గాలి.

వ్యాయామానికి ముందు చూడవలసినవి

ఈ భాగాన్ని తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాలని మా మనవి.

పదేళ్ళ నుండి పదహారేళ్ళ మధ్య వయసున్న స్థూలకాయులైన పిల్లల్లో తుంటి ఎముక జబ్బు ఒకటి వస్తుంది. తొడ ఎముక పైకొనన ఉండే బంతి వంటి భాగం, ఎముక పెరిగే పొర వద్ద తన స్థానం నుండి జారుతుంది. జారినది తుంటిలో అయినా చాలామంది పిల్లలకు నొప్పి మోకాలిలోనో తొడలోనో తెలుస్తుంది. అందువల్ల మోకాలికి మందు రాస్తూ, మోకాలి ఎక్స్‌రే చూస్తూ వారాలు గడిచిపోతాయి. పిల్లవాడు కుంటుతున్నా, నడిచేటప్పుడు పాదం బయటివైపు తిరిగిపోతున్నా, తొడను లోపలికి తిప్పలేకపోతున్నా ఆ రోజే ఎముకల వైద్యునికి చూపాలి. నడిపించకుండా తీసుకుపోవాలి. రెండు తుంట్లకూ ఎక్స్‌రే తీయమని అడగాలి. సకాలంలో గుర్తిస్తే స్క్రూ బిగించి ఎముక ఇంకా జారకుండా ఆపుతారు. ఆలస్యమైతే తుంటి జీవితాంతం దెబ్బతినవచ్చు.

రాయలసీమలో ఎముక నొప్పి అనగానే నూనె మర్దన చేయించడం, పుత్తూరు కట్టుకు బయలుదేరడం పాత అలవాటు. కుంటుతున్న బొద్దుపిల్లల విషయంలో ఎక్స్‌రే తీయించక ముందు మర్దన వద్దు, కట్టు వద్దు, వ్యాయామమూ వద్దు. అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వైద్య కళాశాలకు అనుబంధమైనది. పిల్లల వైద్యులు, ఎముకల వైద్యులు అక్కడ ఉంటారు.

మోకాలు వాచినా, జ్వరంతో పాటు కీళ్ళు నొప్పి పెట్టినా, ఉదయం లేవగానే కీళ్ళు బిగుసుకుపోయినా, కాలి ఎముక మోకాలి కింద విల్లులా బయటికి వంగుతున్నా అది బరువు నొప్పి అని సరిపెట్టుకోరాదు. మన సీమలో మరొక కోణమూ ఉన్నది. కొన్ని ఊళ్ళలో బోరు నీటిలో ఫ్లోరైడు మితిమీరి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళకు గారలు, ఎముకలకు, కీళ్ళకు బాధ కలుగుతాయి. పిల్లల పళ్ళపై పసుపు లేదా గోధుమ రంగు చారలు కనబడితే నీటిని పరీక్ష చేయించడం మేలు.

సాయంత్రమో రాత్రో రెండు కాళ్ళూ లాగి, తెల్లవారేసరికి తగ్గిపోయి, కుంటు లేకుండా పిల్లవాడు మామూలుగా తిరిగితే అది సాధారణంగా ఎదిగే వయసు నొప్పి. దానికి భయపడనక్కరలేదు.

ఈత లేని చోట ఏం చేయాలి?

కీళ్ళకు ఇబ్బంది లేని వ్యాయామం ఏదని ఏ పట్నం వైద్యుని అడిగినా మొదట చెప్పేది ఈత. అందులో న్యాయం ఉన్నది. నడుము లోతు నీళ్ళలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగం, రొమ్ము లోతులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే మోస్తుంది. కాని ఈత కొలను లేని ఊళ్ళో ఆ సలహా కాగితం మీదే మిగిలిపోతుంది. వానలు బాగా కురిసి చెరువు నిండినా, వ్యవసాయ బావిలో నీరు చేరినా పిల్లలను అక్కడికి పంపరాదు. లోతు తెలియని నీరు, ఒండ్రు, నేర్పేవారు లేకపోవడం ప్రాణాల మీదికి తెస్తాయి.

నీరు చేసే పనిని మూడు భాగాలుగా విడదీసి చూద్దాం. ఒంటి బరువును మరొకటి మోయాలి. అడుగు పడినప్పటి తాకిడిని మరొకటి మింగాలి. మిగిలిన భారాన్ని కీలుకు బదులు కండరం అందుకోవాలి. సైకిలు సీటు మొదటి పని చేస్తుంది. మెత్తని మట్టి నేల, మంచి బూట్లు రెండవ పని చేస్తాయి. ఇంట్లో చాప మీద చేసే తొడ, పిరుదుల వ్యాయామాలు మూడవ పనికి సిద్ధం చేస్తాయి. ఈ మూడింటికీ నీరు అక్కరలేదు.

*చాప మీద.* వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయించాలి. మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండవ కాలు చాచి, తొడ కండరాన్ని బిగించి ఆ కాలిని అడుగు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి దించాలి. ఒక్కొక్క కాలికి పది సార్లు. రెండవది: రెండు మోకాళ్ళూ మడిచి పాదాలు నేలకు ఆనించి నడుమును పైకెత్తి, అయిదు లెక్కపెట్టి దించాలి. పది సార్లు. మూడవది: పక్కకు తిరిగి పడుకుని పైకాలిని తిన్నగా లేపి దించాలి. ఒక్కొక్క వైపు పది సార్లు. తుంటి పక్క కండరాలు బలపడితే నడకలో మోకాళ్ళు లోపలికి వాలకుండా ఉంటాయి. నాలుగవది: కుర్చీలో కూర్చుని చేతుల ఊతం లేకుండా మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవాలి. ఎనిమిది సార్లు. కుర్చీ ఎత్తు తక్కువై మోకాలు నొప్పి పెడితే దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచాలి. అయిదవది: గోడ పట్టుకుని మడమలు లేపి దించడం. పది సార్లు. ఆరవది: గోడకు ఎదురుగా నిలిచి అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కు నెట్టడం. ఇవన్నీ కలిపి పావుగంట పని. నొప్పి లేకుండా రెండు వారాలు సాగితే ఇదే వరుసను రెండవసారి చేయించవచ్చు.

*సైకిలు మీద.* కూర్చుని తొక్కేటప్పుడు బరువులో ఎక్కువ భాగాన్ని సీటు మోస్తుంది, మోకాలు వంగి చాపుకునే పని మాత్రం జరుగుతుంది. సీటు ఎత్తు ఇక్కడ ముఖ్యం. సీటుపై కూర్చుని మడమను పెడలు మీద పెట్టి పెడలును అట్టడుగుకు దించితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. అన్న సైకిలో నాన్న సైకిలో తొక్కించరాదు. ధర్మవరం, పుట్టపర్తి వైపు వెళ్ళే పెద్ద దారుల మీదికి పంపకుండా ఊరి సందుల్లో, బడి మైదానంలో, చదును నేలపై పది నిమిషాలతో మొదలుపెట్టాలి.

*మట్టి మీద.* సిమెంటు రోడ్డు, తారు రోడ్డు అడుగు తాకిడిని తిరిగి కాలికే ఇస్తాయి. పొలం బాట, బడి మైదానం, కంకర లేని మట్టి దారి మేలు. హవాయి చెప్పులు నడకకు పనికిరావు. మడమను పట్టి ఉంచే బూట్లు కావాలి, అరిగినవి మార్చాలి. నొప్పి లేని చదును పాదాలకు చికిత్స అక్కరలేదు, నొప్పి ఉంటే వైద్యునికి చూపాలి. బొద్దుపిల్లలు సిగ్గుపడి చెప్పని బాధ ఒకటున్నది. నడకలో తొడలు ఒరుసుకుని మండుతాయి. వదులైన పైజామా గాని, సల్వార్ గాని వేసి, తొడలకు కొబ్బరి నూనె రాస్తే చాలామంది నడకను వద్దనరు.

5 నుండి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు శ్రమించేలా కదలాలని, వారంలో కనీసం మూడు రోజులు కండరాలను, ఎముకలను బలపరచే పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఈ అరవై నిమిషాలు చేరవలసిన గమ్యం. మొదటి రోజే అంత చేయించరాదు. పది నిమిషాల చొప్పున రోజుకు మూడు విడతలతో మొదలుపెట్టి, వారానికి అయిదు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. శ్రమ సరిపోయిందా అని తెలుసుకునే గుర్తు తేలికైనది. పిల్లవాడు మాట్లాడగలగాలి, రాగం తీసి పాడలేకపోవాలి. నొప్పికీ ఒక గుర్తున్నది. కండరం అలసి లాగితే భయం లేదు. కీలులో గుచ్చినట్లుంటే వెంటనే ఆపాలి. నొప్పి మరునాటి ఉదయానికీ మిగిలితే తరువాతి సారి సగానికి తగ్గించాలి.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన సీమలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బరువైన పిల్లల ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. మన ఇళ్ళకు వేళల చిక్కు లేదు. ఫజ్ర్ నమాజు తరువాతి చల్లని వేళ ఒకటి, అస్ర్‌కు మగ్రిబ్‌కు నడుమ ఎండ వాలిన వేళ ఒకటి. ముందొక గ్లాసు నీళ్ళు, తరువాత ఒక గ్లాసు నీళ్ళు తాగించాలి. షర్బత్, కూల్‌డ్రింకు వద్దు. అవి తొక్కిన సైకిలు ఫలితాన్ని అక్కడికక్కడే మింగివేస్తాయి.

చేయించకూడనివి

మొదటి మూడు నెలలు తాడాట, కప్ప గంతులు, మెట్ల మీద పరుగు, రోడ్డు మీద పరుగు వద్దు. ఒంటికాలిపై గెంతే తొక్కుడుబిళ్ళ చూడడానికి చిన్న ఆటే గాని బరువంతా ఒక్క మోకాలిపై పడుతుంది. రింగు ఆట, షటిల్, బంతి విసిరి పట్టడం వంటివి ఆడించవచ్చు.

గుంజీళ్ళు వేరుగా చెప్పుకోవాలి. హోంవర్కు చేయలేదని యాభై గుంజీళ్ళు తీయించడం, గోడకుర్చీ వేయించడం మన బడులలో ఇంకా పోలేదు. పూర్తిగా కిందికి కూర్చుని లేచేటప్పుడు మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి బాగా పెరుగుతుంది. పక్క పిల్లవాడికి అది కాసేపటి అలసట. 60 కిలోల పిల్లవాడికి అది వారం రోజుల నొప్పి, కదలికంటే శిక్ష అన్న భావన. ఉపాధ్యాయులకు ఈ సంగతి వినయంగా తెలియజేయవలసిన బాధ్యత తల్లిదండ్రులది. డ్రిల్లు పిరియడులో పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టమని అడగరాదు. పరుగుకు బదులు నడక, దుముకుకు బదులు బంతి విసరడం ఇవ్వమని అడగాలి.

ఈ జాగ్రత్తలు ఎల్లకాలానికి కావు. ఎదిగే ఎముక గట్టిపడాలంటే కొంత తాకిడి కావాలి. తొడ కండరాలు బలపడి, అరగంట నడిచినా నొప్పి రాకపోతే పరుగు, దుముకు, కబడ్డీ ఒక్కొక్కటిగా తిరిగి చేర్చాలి. కీలును కొన్నాళ్ళు కాపాడేది పిల్లవాణ్ణి ఆటలోకి తిరిగి పంపడానికే.

నమాజు, పరదా, ఇంటి మాట

మోకాలు నొప్పి గల పిల్లలకు సజ్దాలోను, సజ్దా తరువాత కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా మడిచే వేళలోను బాధ కలుగుతుంది. గచ్చు నేలపై పలుచని జానమాజుకు బదులు మందమైన దుప్పటి మడిచి వేయాలి. లేచేటప్పుడు చేతుల ఊతం తీసుకోనివ్వాలి. నిజంగా మడవలేని నొప్పి ఉంటే కూర్చుని నమాజు చేసే వెసులుబాటును ధర్మం రోగులకు ఇచ్చింది. నమాజు ఆరాధన, దానిని వ్యాయామంగా లెక్కగట్టడం మా ఉద్దేశం కాదు. కాని మస్జిద్‌కు నడిచి వెళ్ళే అలవాటు కాలికి మేలే చేస్తుంది. బైకు వెనుక కూర్చోబెట్టి తీసుకుపోయే తండ్రులు ఒక్క పూటైనా కొడుకుతో కలిసి నడవాలి.

ఆడపిల్లల సంగతి మరింత ఆలోచించదగినది. పదకొండు, పన్నెండేళ్ళు రాగానే ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెడతాము. ఎముక వేగంగా పెరిగే వయసు, బరువు చేరే వయసు కూడా అదే. పరదాకు, వ్యాయామానికి వైరం లేదు. చాప మీద చేసేవన్నీ గదిలో చేయదగినవే. మిద్దె మీద గాని, ఇంటి ఆవరణలో గాని తల్లి, కూతురు, మేనత్త కలిసి సాయంత్రం అరగంట నడవవచ్చు, షటిల్ ఆడవచ్చు. నలభై దాటిన తల్లి మోకాళ్ళకూ ఈ వ్యాయామాలు పనికివస్తాయి.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇంటి మాట. గుమ్మడికాయ, డ్రమ్ము వంటి పేర్లను వీధి పిల్లల కంటే ముందు మన చుట్టాలే పెడతారు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోరాదని, కించపరచే పేర్లతో పిలుచుకోరాదని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా మనలను వారించింది. ఈ ఆదేశం దావత్‌లో పళ్ళెం ముందు కూర్చున్న పిల్లవాడికి వర్తించదని ఎవరూ అనలేరు. ఎగతాళికి గురైన పిల్లవాడు నలుగురిలో కదలడానికి సిగ్గుపడతాడు, ఒంటరిగా తింటాడు. వాడి బరువు గురించి అతిథుల ముందు మాట్లాడకపోవడం కూడా చికిత్సలో భాగమే.

తిండి గురించి ఈసారి క్లుప్తంగానే చెబుతాము. పిల్లవాడికి ఒక పళ్ళెం, మిగతావారికి మరొక పళ్ళెం అన్న తేడా వద్దు. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. ఇంటిల్లిపాదికీ అదే పళ్ళెం. పస్తులు పెట్టరాదు. నిద్ర తగ్గినా బరువు పెరుగుతుంది. ఆరు నుండి పన్నెండేళ్ళ వారికి 9 నుండి 12 గంటలు, పదమూడు దాటినవారికి 8 నుండి 10 గంటలు నిద్ర కావాలి. ఫోను పడకగదికి రాకపోతే నిద్ర తనంతట తానే వస్తుంది.

తూకం మీద మాత్రమే ఫలితం వెతకవద్దు. వారానికోసారి తూచి నిట్టూర్చే కంటే మరికొన్ని సంగతులు గమనించాలి. పోయిన నెల ఎక్కడ కూర్చున్నాడు, ఈ నెల ఎక్కడి దాకా నడిచాడు? కుర్చీ నుండి చేతుల ఊతం లేకుండా ఎన్నిసార్లు లేచాడు? రాత్రి కాళ్ళు పిసకమని అడగడం తగ్గిందా? నడుము టేపు నెలకోసారి చాలు. కొలతలు మెల్లగా మారుతాయి, నొప్పి మాత్రం అంతకంటే ముందే తగ్గుతుంది. నొప్పి తగ్గిన పిల్లవాణ్ణి ఆటకు పొమ్మని ఎవరూ గద్దించనక్కరలేదు.

పిల్లల దేహం మన చేతికి ఇవ్వబడిన అమానత్. దానిని కాపాడడానికి ఈత కొలను అక్కరలేదు, ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఈ సాయంత్రం అస్ర్ తరువాత ఒక చాప పరచండి, పిల్లవాడి పక్కన మీరూ పడుకుని కాలు అడుగు ఎత్తు లేపండి. అంతకు ముందు మాత్రం ఎక్కడ నొప్పి పెడుతున్నదో వాణ్ణి అడగండి. జవాబు పూర్తిగా వినండి.